చందనం కింద అంకె

2004లో ఒక వేసవి ఉదయం అమ్మను కంటి ఆపరేషన్‌కని కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ తీసుకెళ్తున్నాను. సాత్తూరు దాటగానే మా పాత డీజిల్ కారు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎండలో రెండు గంటలు కూర్చున్నాక మా మెకానిక్ వచ్చి బానెట్ ఎత్తాడు.

"ఇంజన్‌లో టైమింగ్ బెల్టు తెగిపోయె అన్నా, వాల్వులూ వంగిపోయె. బెల్టు ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో కాగితం మీద రాసి అంటించితినే, చూడలేదా?"

బానెట్ లోపల అతను చూపించిన చోట ఏళ్ళ తరబడి ఆయుధపూజ చందనం పేరుకుపోయి ఉంది. గోటితో గీకితే అంకె కనబడింది. దాన్ని దాటి ఇరవై వేలు తిరిగేశాను.

"బండికి మంచిదని నేనే ఆ తెల్ల కాగితం మీద బొట్టు పెడితిరా," అంది అమ్మ, మసక కళ్ళు నులుముకుంటూ. విసుక్కునే ఓపిక కూడా నాకు లేకపోయింది.

ఆపరేషన్ నెల రోజులు వాయిదా పడింది. ఇప్పటికీ ఆయుధపూజకు బొట్టు అమ్మే పెడుతుంది. ముందు కాగితం మీది అంకెను పైకి చదువుతుంది, తరువాతే పక్కన చందనం అద్దుతుంది.