ఐదో వచనం తర్వాత

మా పెద్దమ్మ కుడిచేతికి బొటనవేలు, చిటికెనవేలు మాత్రమే ఉన్నాయి. మధ్య మూడింటినీ లాండ్రీలో ఇస్త్రీ రోలరు తీసుకుంది. ఆసుపత్రి దుప్పట్లు, హోటలు దుప్పట్లు రోజుకి ఆరువందలు ఆ రోలరు కిందకి పోతాయి. ఇద్దరు ఆడవాళ్లు చెరో కొస పట్టుకుని, తడి దుప్పటిని ముడత లేకుండా అందించాలి. రోలరుకి ముందు ఒక ఇనుప కమ్మీ ఉంటుంది. చెయ్యి దానికి తగిలితే యంత్రం ఆగిపోతుంది. తడిగుడ్డ బరువుకి కూడా అది ఊరికే ఆగిపోతోందని, పని వెనకబడుతోందని యజమాని దాన్ని విప్పించి గోడకి ఆనించాడు. నాలుగో రోజున పెద్దమ్మ చెయ్యి లోపలికి పోయింది.

అదే వారం యజమాని చర్చిలో లేచి ఆమె కోసం ప్రార్థన చేశాడు. పాపం మాటల్లో పడి ఏమరుపాటుగా ఉందని, ప్రభువు ఆమె అజాగ్రత్తను క్షమించాలని వేడుకున్నాడు. అతను సంఘపెద్ద. గొంతు ఎంత పెద్దదంటే అందరూ వెనకాల మైకు అని పిలుస్తారు. మైకు చెప్పిందే లోకం నమ్మింది. పెద్దమ్మ కట్టుతో మూడో వరసలో కూర్చుని తను చేయని తప్పుకి అడిగిన క్షమాపణ వింది. పక్కన కూర్చున్న నాకు ఒళ్లు మండిపోయింది. ఆమెని మాత్రం చుట్టూ ఉన్నవాళ్లు జాలిగా నిమిరారు. ఆ జాలిని నేను ఇప్పటికీ క్షమించలేదు.

ఆమెకి ఆస్తి లేదు, మొగుడు లేడు, చదువు ఐదో తరగతి. నన్ను పెంచింది, తిట్టింది, పదో తరగతితో నేను బడి మానేస్తే చెయ్యిచేసుకుంది కూడా. తర్వాత నేను దొరికిన పుస్తకమల్లా చదువుతుంటే, వెలిగే దీపానికి ఏ నూనైతేనేం అంది. ఆమెకంటూ ఉన్నదల్లా చర్చిలో చదివే వంతు. మా చర్చిలో ఆదివారానికి ఒక కీర్తన, వరసగా, ఒక్క అంకె తప్పకుండా చదువుతారు. మూడేళ్లకి ఒక చుట్టు పూర్తవుతుంది. మొదటి వచనం ముందు నిలబడ్డవాళ్లు చదివితే రెండోది సభ అంతా కలిసి చదువుతుంది, మూడోది మళ్లీ వాళ్లు, నాలుగోది సభ. ఎక్కడైనా వదిలేయాలంటే ముందున్నవాళ్లు వచనం అంకె చెబుతారు, సభ అక్కడికి దూకుతుంది.

వదిలేయాల్సినవి చాలానే ఉన్నాయి. చదువుబల్ల మీది పెద్ద బైబిల్లో పెన్సిలు గీతలు చూస్తే తెలుస్తుంది. కాపరి, పచ్చిక, నీళ్లు ఉన్నచోట గీత లేదు. శత్రువు పళ్లు రాలగొట్టమన్నచోట గీత. ఎన్నాళ్లు నిద్రపోతావని దేవుణ్ణి నిలదీసినచోట గీత. కడుపు మండినవాడు నోరు విప్పితే చాలు, ఏదో ఒక పాస్టరుగారు పెన్సిలు చెక్కుకున్నారు. మిగిలిన దాన్ని మనవాళ్లు గోడకి తగిలించుకుని, నెప్పికి తైలంలా రాసుకుంటారు. కీర్తనలు ఓదార్పు అంటారు. ఎవరికి ఓదార్పు? దెబ్బ తిన్నవాడికా, కొట్టినవాడి చెవులకా?

నూట తొమ్మిదో కీర్తన పెద్దమ్మ వంతుకి వచ్చింది. వచ్చిందని అనుకున్నాం. ఆ వారం వంతున్న దర్జీగారి భార్యతో మార్చుకుందని తర్వాత తెలిసింది. తన మీద అబద్ధాలాడినవాళ్ల గురించి ఒక మనిషి మొరపెట్టుకోవడంతో ఆ కీర్తన మొదలవుతుంది. ఆరో వచనం నుంచి శాపాలు. మా పెద్ద బైబిల్లో గీత ఆరు దగ్గర మొదలై ఇరవై దాకా పోతుంది.

శనివారం పాస్టరుగారు ఇంటికే వచ్చారు. కుర్చీలో కూర్చోకుండా నిలబడే విషయం చెప్పారు.

"ఐదు వరకు చదివి ఇరవై ఒకటికి వెళ్లిపోండమ్మా. మధ్యలోది మనకి కాదు."

"మరెవరికండీ?"

"అది పాత కాలపు కోపం. మనది క్షమించే కాలం."

"నా వేళ్లు పోయింది నిరుడే కదండీ" అంది పెద్దమ్మ.

ఆయనకి కోపం రాలేదు. వస్తే బాగుండేది. గీత దాటితే ఇక చదివే జాబితాలో పేరుండదని, సంఘపెద్దలు అలా తీర్మానించారని మెత్తగా చెప్పి వెళ్లిపోయారు. ఉన్న ఒక్క వంతూ పోతుందే, నోరు మూసుకుని ఇరవై ఒకటి అనెయ్యి అన్నాను. నిజానికి నా ఆలోచన వేరు. లాండ్రీ అద్దాలకి సరిపోయే రాయి ఒకటి అప్పటికే చూసిపెట్టుకున్నాను. ఆ సంగతి ఆమెకి తెలుసు. పదిమందిలో అబద్ధపు నింద మోస్తూ కూర్చున్నాను, పదిమందిలోనే లేవాలి అంది. రాయి గురించి మాట్లాడలేదు.

ఆదివారం ఆమె బల్ల దగ్గర నిలబడి రెండు వేళ్లతో పేజీ అదిమిపట్టింది. మొదటిది చదివింది, సభ రెండోది చదివింది. మూడు, నాలుగు. ఐదోది చదివి ఆగింది. పాస్టరుగారు ఆమె పెదాల వంక చూస్తున్నారు. ఆమె అంకె చెప్పలేదు. చేసిందల్లా అంతే.

సభ ఒక్క క్షణం కూడా ఆగలేదు. నలభై ఏళ్ల అలవాటు. నూటయాభై మంది గీతల్లేని తమ బైబిళ్లలోకి తలలు వంచుకుని ఆరోది చదివేశారు. అందరికంటే పైన మైకు గొంతు. ఆమె ఏడు చదివితే, ఆ దుర్మార్గుడి రోజులు తరిగిపోవాలని, వాడి పని ఇంకొకడికి దక్కాలని మైకు గట్టిగా కోరాడు. వాడి పిల్లలు దిక్కులేనివాళ్లు కావాలని పెద్దమ్మ చదివింది. వాళ్లు అడుక్కుంటూ తిరగాలని, ఇద్దరు కొడుకుల మధ్య నిలబడి, మైకు జవాబిచ్చాడు. ఆ గొంతులో భక్తి కూడా ఉంది. పదహారు దగ్గర, బీదవాణ్ణి వేటాడినందుకే ఇదంతా అని కారణం వస్తుంది. అది సభ వంతు. సగం వచనంలో అతని మాట తెగింది. మైకు ఆగిపోవడంతో జనం తలలెత్తి, ముందు అతన్ని, తర్వాత ఆ రెండు వేళ్ల చేతిని చూశారు. మిగతాది పెద్దమ్మ ఒక్కతే చివరిదాకా చదివి వచ్చి కూర్చుంది.

మధ్యాహ్నం అతను మా గుమ్మంలో ఉన్నాడు. చెప్పులు విప్పలేదు.

"నా పిల్లల్ని శపించావు. వెనక్కి తీసుకో."

"తొమ్మిది నాది బాబూ, పది మీది. నాది తీసుకుంటాను. మీది ఎవరు తీసుకోవాలి?"

"అలవాటు కొద్దీ చదివాం. అర్థం చూసి చదివామా?"

"నేను చూసే చదివాను" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఈ మంట నా దగ్గరే ఉంచుకుంటే మీ అద్దాలు పగిలుండేవి. నిజంగా మీ బిడ్డలకే ఏదో అయ్యుండేది, ఈ ఇంట్లో అలాంటివాడు ఒకడున్నాడు. అందుకే తీసుకెళ్లి దేవుడి ముందు పోశాను. తీర్చేది ఆయన. నేను కాదు, వీడూ కాదు" అంది.

"ఇప్పుడు నన్నేం చేయమంటావు?"

"అబద్ధం ఎక్కడ నిలబడి చెప్పారో అక్కడే నిలబడి కమ్మీ సంగతి చెప్పండి. ఆ పూటే క్షమించాను అంటాను, అదీ పదిమందిలోనే."

అతను వెనక్కి తిరిగి మెట్లు దిగాడు. వాడి వెనకే లేవబోతే పెద్దమ్మ నా చొక్కా పట్టుకుంది. ఆ రెండు వేళ్లకి అంత బలం ఉందని నాకు తెలియదు. ఒకసారి అప్పగించిన దాన్ని మళ్లీ లాక్కోకూడదురా అంది. నాకు ఆ మాట నచ్చలేదు. ఇప్పటికీ నచ్చదు. కానీ కూర్చున్నాను.

అతను చెప్పలేదు. ఆ తర్వాతి ఆదివారం కాదు, ఈ ఐదు నెలల్లో ఏ ఆదివారమూ కాదు. జాబితాలో పెద్దమ్మ పేరు కొట్టేశారు. ఏమరుపాటు అన్న మాట మాత్రం ఇప్పుడెవరూ ఆమె ముందు అనరు, జాలిగా నిమరరు కూడా. ఆమె మూడో వరసలోనే కూర్చుని సభతో కలిసి సరి సంఖ్య వచనాలు చదువుతుంది. మైకు కూడా వస్తాడు. కానీ సభ చదవబోయేటప్పుడు వేలితో కింది వచనం మీదికి దిగి, అందులో ఏముందో ముందు చూసుకుంటాడు. అందుకే అందరి కంటే ఒక మాట వెనకబడుతున్నాడు.