మరమనిషి కుడిచెయ్యి

పక్కవీధిలో కొత్త ఇల్లు కడుతున్నారు. పొద్దున్నుంచీ ఎవరో ఇనుప గొట్టాన్ని ఆకురాయితో రాస్తున్నారు. ఆ చప్పుడుకు మా ఇంట్లోవాళ్ళు పళ్ళు జివ్వుమంటున్నాయని తలుపులు మూశారు. నాకు మాత్రం కూర్చున్నచోట కాలు నిలవడం లేదు. రాసేవాడు ఒక్కచోటే రాస్తున్నాడు, అంచు వాలిపోతోంది, ఇక్కడికే తెలుస్తోంది. వెళ్ళి ఆ ఆకురాయి లాక్కుందామా అనిపిస్తోంది. ఈ జబ్బు నాకు మల్లేశం మామ అంటించాడు.

ఆయన మాకు చుట్టమేమీ కాదు, మా అవ్వను, అంటే అమ్మను, అక్కా అని పిలిచేవాడు కాబట్టి నాకు మామ. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాత కొన్నేళ్ళకు మా సిరిసిల్లలో మరమగ్గాలు జోరందుకున్నాయి. మేము వాటిని సాంచెలంటాం. మా వాడలో ఏ సాంచె మొరాయించినా ఆయన రేకుల షెడ్డుకే కబురు. సన్నటి, పొడుగాటి మనిషి. అన్నానికి కూర్చున్నా కంచం ఎక్కడ వంగిందో వేలితో తడిమి చూసేవాడు. పాడైన వస్తువంటే ఎంత ప్రేమో, బాగైపోయిన వస్తువంటే అంత విసుగు.

నాకు పెళ్ళయిన ఏడాదే సాంచె పళ్ళచక్రంలో కుడిచెయ్యి పడింది. బొటనవేలు, చూపుడువేలు మిగిలాయి. దవాఖాన నుంచి వచ్చాక ఆ చేతికి తువ్వాల చుట్టుకుని అరుగు మీద కూర్చోవడమే నా పని. ఎడమచేత్తో తినడం నామోషీ అనిపించి ఎవరూ లేనప్పుడు తినేవాణ్ణి. నాకు నేత తప్ప మరో విద్య రాదు. అది కూడా పోయాక ఇక నా బతుకు ముగిసినట్టేనని గట్టిగా నమ్మాను.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున మల్లేశం మామ వచ్చి అరుగు ముందు నిలబడ్డాడు.

"షెడ్డుకు రారా. ఒక మనిషిని జేస్తున్న. చెయ్యి నువ్వు జెయ్యాలె."

లోపలినుంచి అవ్వ వచ్చింది. "పిలగాని చెయ్యి చూస్తనే ఉన్నవ్ గద తమ్మీ."

"చూసిన అక్కా. ఎడమది మంచిగనే ఉన్నది."

హైదరాబాదులో ఏదో ఎగ్జిబిషన్లో ఆయన ఒక మరమనిషిని చూసి వచ్చాడు. అది మెడ తిప్పుతుందట, చెయ్యెత్తి సలాము చేస్తుందట. తాడు బయట నిలబడి ఎంతసేపు చూసినా వెనకవైపు మాత్రం చూడనివ్వలేదట. అచ్చం అలాంటిదే చేసి మా బడి మైదానంలో జరిగే ప్రదర్శనలో నిలబెట్టాలని ఆయన పట్టుదల. దాని లోపల ఏముందో తెలియదు కాబట్టి తనకు తెలిసిన సాంచె సామానంతా అందులో కుక్కాడు. కిరోసిన్ డబ్బా తల, సైకిల్ చక్రం బేరింగు మెడ, భుజంలో సాంచె ఇరుసు. వేళ్ళు ముడుచుకోవడానికి సైకిల్ బ్రేకు తీగలు.

నా ఎడమచేతిని రేకు మీద పెట్టి గీసుకుని, కత్తిరించి, ఆకురాయితో అంచులు రాసి, కీలుకీలుకూ మేకు దిగ్గొట్టి చెయ్యి తయారు చేశాను. మామ వచ్చి చూసి, "ఇంకా రాయి" అని వెళ్ళిపోయేవాడు. మళ్ళీ వచ్చేవాడు. "ఇంకా." ఎడమచెయ్యి మామ అప్పటికే చేసి బిగించాడు. చివరికి నేను చేసినదాన్ని మరమనిషి కుడిభుజానికి బిగించాం. బిగించాక చూస్తే బొటనవేలు బయటివైపుకు ఉంది.

మామ దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "అరే, వీనికి రెండూ ఎడమ చేతులేనారా?"

ఎన్నాళ్ళనుంచో నా కుడిచేతి వంక నేనే చూసుకోలేదు. కుడిచేతికి బొటనవేలు ఎటుంటుందన్న ధ్యాసే లేకపోయింది. ఒళ్ళు మండిపోయింది. ఆకురాయి తీసి గోడకేసి కొట్టాను.

"నవ్వులాటగ ఉన్నదా మామా? నా బతుకంత గిట్లనే అయింది."

ఆయన ఓదార్చలేదు. వెళ్ళి ఆకురాయి తీసుకుని విరిగిందేమోనని వెలుతురులో చూశాడు. "గట్ల ఇసిరేస్తె పండ్లు ఇరుగుతయ్" అన్నాడు. తర్వాత ఏదో తట్టినట్టు నా దగ్గరికొచ్చాడు. "ఐదు వేళ్ళకు ఐదు తీగలు పెడితె ఒకదానికొకటి సుట్టుకుంటున్నయ్. పట్టుడు ఎన్ని వేళ్ళతోటి అయితదో చూడాలె. నీ చెయ్యి ఇటియ్యి."

నేను ఇవ్వలేదు. ఆయనే తువ్వాల విప్పేశాడు, సాంచె మీద కప్పిన గుడ్డ తీసినంత మామూలుగా. సాంచెలో పోగును అటూ ఇటూ మోసే నాడెను నా రెండు వేళ్ళ మధ్య పెట్టాడు. "పట్టు." జారిపోయింది. కొంచెం కిందికి జరిపి మళ్ళీ పెట్టాడు. "పట్టు." రెండో కొసను పట్టుకుని లాగాడు. నేను వదల్లేదు. ఇంకా గట్టిగా లాగాడు. వదల్లేదు.

"సాలు. రెండు సాలు" అని మరమనిషి దగ్గరికి పరుగెత్తాడు. నేను నాడెను పట్టుకుని అక్కడే నిలబడి ఏడ్చాను. ఆయన చూశాడో లేదో తెలియదు. తీగలు విప్పుతున్నాడు.

కొత్తగా చేసిన కుడిచేతికి అయిదు వేళ్ళూ ఉన్నాయి కానీ రెండే కదిలేవి. ప్రదర్శన రోజు మామ పరదా వెనక పిడి తిప్పాడు. మరమనిషి నాడెను పట్టుకుని చెయ్యెత్తింది. సాంచె ఇరుసుకు నెమ్మదితనం ఎక్కడిది? ఠంగుమని తన నుదురు తానే కొట్టుకుంది. జనం పడీపడీ నవ్వి, మళ్ళీ చెయ్యమన్నారు. నా జన్మలో అంత సంతోషం ఎప్పుడూ ఎరగను. మామ మాత్రం నుదుటి మీద పడిన సొట్టనే చూస్తున్నాడు. జనం పూర్తిగా కదలకముందే పానా తెచ్చి భుజం విప్పడం మొదలుపెట్టాడు.

"ఒక్క దినమన్న ఉండనియ్యి మామా."

"ఉంటె ఏమైతది? సాంచెల సామాన్లు గివి. రేపు బిగియ్యాలె. జల్ది రా."

అడగకుండా ఉండలేకపోయాను. "నా కోసమే గద, గా చెయ్యి పని నాకిచ్చినవ్?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. "నీ కోసమా? లేదురా. వాడల ఇంకెవ్వడు ఖాళీగ లేకుండె."

ఆ మాట చాలాకాలం నన్ను కాల్చింది. అవునని ఒక్క అబద్ధం ఆడితే ఆయన సొమ్మేం పోయిందని ఆయన మీద లోపల్లోపల కోపం పెంచుకున్నాను. ఆయన పోయి, ఆ షెడ్డు నా చేతికి వచ్చాక గానీ ఆ కోపం పోలేదు. ఊరంతా నన్ను చూసి అయ్యో పాపం అన్నది. ఆయనొక్కడికే నేను పనిలేకుండా కూర్చున్న మనిషిలా కనిపించాను. అందుకే ఆయనంటే నాకు ఇప్పటికీ ప్రాణం.

ప్రదర్శన మర్నాడు పొద్దున్నే షెడ్డుకు వెళ్ళాను. ఆనాటి నుంచి ఈ వయసుదాకా ఊరికే కూర్చోవడం నాకు చేతకాలేదు. ఇంట్లోవాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనీ.