మ్యాక్ తుమ్మిన పూట

ఆ రోజుల్లో ఏ సంగతి చెప్పాలన్నా ముందు అక్కడ ఏమేమి ఉన్నాయో, ఎవరెవరు ఉన్నారో వరుసగా చెప్పేవాణ్ని (డిప్లొమా చదివేటప్పుడు వర్క్‌షాపు రికార్డులు రాసి రాసి అంటుకున్న జబ్బు, ఇప్పటికీ పూర్తిగా నయం కాలేదు). కాబట్టి ముందు ఆ గది. హనుమకొండ చౌరస్తా దగ్గర మా చిన్నాయన ప్రింటింగు ప్రెస్సులో ముందు గది అది. బల్ల మీద ఒక మ్యాక్ కంప్యూటరు, దాని నుదుట కుంకుమ బొట్టు. ఫ్లాపీ డ్రైవులు రెండు, ఒకటి దాని పొట్టలో, ఇంకొకటి పక్కన తీగ చివర. దుమ్ము పడకుండా చిన్నమ్మ కుట్టిన పూలగుడ్డ తొడుగు. నేల మీద కొత్తవాడలో నేసిన జంపఖానా. ఇక మనుషులు. ప్రెస్సు యజమాని చిన్నాయన, అంటే మా నాన్న తమ్ముడు. జంపఖానా మీద బాసింపట్టు వేసుకుని రఘునాథపల్లి తాత, అంటే చిన్నాయన కూతురిని చేసుకోబోయే అబ్బాయికి తాత. వెనక ఇంట్లో చాయ పెడుతూ ఆ కూతురు, మా అక్క. బల్ల ముందు కుర్చీలో, ఈ భూమండలం మీద మ్యాక్ గురించి తనకు తెలియనిది లేదనుకుంటున్న నేను.

ఆ కంప్యూటరు వచ్చాక ప్రెస్సులో నా పని పెళ్లికార్డులు, కరపత్రాలు కూర్చడం. నా సంతోషం మాత్రం వేరే. హైదరాబాదులో ఉన్న మా కాలేజీ సీనియర్ ఒకాయన అప్పుడప్పుడు ఒక ఫ్లాపీ నిండా చిట్టి ప్రోగ్రాములు పంపేవాడు. ఎవరెవరో ఏ దేశంలోనో సరదాకు రాసి ఊరకే పంచిపెట్టినవి. ఒకటి తెర పైమూలన గడియారం పెట్టేది. ఒకటి రెండు కళ్లు పెట్టేది, మౌసు బాణం ఎటు పోతే ఆ కళ్లు అటు తిరిగేవి. ఇంకొకటి, కాసేపు ఎవరూ ముట్టకపోతే తెరంతా నల్లగా చేసి చేపలను ఈదించేది. అన్నిటికంటే నాకు ముద్దొచ్చింది తుమ్ము. ఫ్లాపీ బయటికి వచ్చినప్పుడల్లా మిషిన్ నిండు గొంతుతో తుమ్మేది. వీటిలో పనికొచ్చేది గడియారం ఒక్కటే, అదీ గోడకు మరో గడియారం ఉండగా. అయినా పొద్దున మిషిన్ వేయగానే తెర అడుగున ఈ ప్రోగ్రాముల బొమ్మలు ఒక్కొక్కటిగా వచ్చి వరుసలో నిలబడుతుంటే, బడిలో ప్రార్థనకు పిల్లలు నిలబడ్డట్టు కనిపించి, నాకు ఎక్కడలేని తృప్తి కలిగేది. ఒకదానితో ఒకటి పడక అప్పుడప్పుడు మిషిన్ మొరాయించేది. తప్పు నాది కాదనీ కరెంటుదనీ చిన్నాయనతో చెప్పేవాణ్ని.

ఆ రోజు పని అక్క పెళ్లికార్డు. అబ్బాయి బడిపంతులు. అంతకుముందు వచ్చిన సంబంధాలకు పెదవి విరిచిన అక్క ఈ అబ్బాయిని చూసి "నాకిష్టమే" అని తనంతట తాను చెప్పింది. వాళ్లింట్లో ఆఖరి మాట తాతది. ఆయన శకునం చూడకుండా కల్లం మీదికి కూడా పోడని పేరు. ఈ ముహూర్తం దాటితే మూఢం, మళ్లీ నెలల తరబడి ఆగాలి. ఆగిన పెళ్లిళ్లు ఎన్ని దారులు పడతాయో చిన్నాయనకు తెలుసు (పెళ్లికార్డులు వేసేవాడికి అది బాగా తెలుస్తుంది). తాత కార్డు చూసి సరే అంటే, ఆ ఫ్లాపీని మధ్యాహ్నం బస్సుకు హైదరాబాదు పోయే మనిషి చేతికి ఇవ్వాలి. మంచి ప్రింటు తీసే మిషిన్ అక్కడే ఉంది.

తాత తెర మీద కార్డును పైనుంచి కిందికి రెండుసార్లు చదివించుకున్నాడు. తన తండ్రి పేరు ఇంకొంచెం పెద్ద అక్షరాల్లో వేయించాడు. చివరికి తువ్వాలతో మొహం తుడుచుకుని అన్నాడు.

"మంచిగున్నది. ఇగ పంపుండ్రి."

మ్యాక్‌లో ఫ్లాపీని బయటికి తీయాలంటే దాని బొమ్మను తెర మూలన ఉన్న చెత్తబుట్టలోకి లాగాలి. ఎవరి ఆలోచనో గాని, అదే పద్ధతి. నేను లాగాను.

"ఏంది అల్లుడా, పెండ్లి కార్డు సెత్తబుట్టల ఏస్తాండు పిల్లగాడు?" అన్నాడు తాత.

"అది సెత్తబుట్ట కాదు మామా, వడ్ల గుమ్మి అనుకోరాదు" అంటూ చిన్నాయన తన నిండు శరీరాన్ని తెరకు అడ్డం పెట్టాడు. సరిగ్గా అప్పుడే ఫ్లాపీ బయటికి వచ్చింది. మిషిన్ తుమ్మింది.

తాత ముందు చిన్నాయన వైపు, తర్వాత నా వైపు చూశాడు.

"ఎవలు తుమ్మిండ్రు?"

"ఎవలు తుమ్మలే మామా."

"నాకు చెవుడా? ఇనొచ్చింది గద!"

"మిషిన్ తుమ్మింది తాతా" అన్నాను. చదువుకున్నవాడిని, నిజం చెబితే సరిపోతుందనుకున్నాను.

"మిషిన్‌కు ముక్కేడిది పిల్లగా?" అని, తాత మళ్లీ జంపఖానా మీద కూలబడ్డాడు. "పంపుండ్రి అన్న మాట నోట్లనే ఉన్నది, ఒంటి తుమ్ము. జర మంచినీళ్లు తెప్పియ్యి అల్లుడా. ఈ ముచ్చట మల్ల సూద్దాం."

'మల్ల' అన్న మాటకు చిన్నాయన మొహం కోరా కాయితంలా అయింది. నీళ్లు తాగుతున్న తాతకు నేను శాస్త్రీయంగా నచ్చజెప్పబోయాను. "అది ఇప్పటి తుమ్ము కాదు తాతా. ఎప్పుడో అమెరికాలనో ఏడనో ఒకాయన తుమ్మితే, దాన్ని పట్టి దీంట్ల పెట్టిండ్రు. మన పెండ్లికి దానికి సంబంధమే లేదు."

తాత చెంబు కింద పెట్టాడు. "మీ సుట్టపాయన సచ్చిండనుకో. నీకు వారానికి తెల్సింది. తానం ఎప్పుడు చేస్తవ్? ఆయిన సచ్చినప్పుడా, నీకు తెల్సినప్పుడా?"

"తెల్సినప్పుడే."

"మరి? తుమ్ము ఎప్పటిదైతేంది, ఇన్నది ఇప్పుడు గద!"

ఈలోగా, మిషిన్‌ను ఎవరూ ముట్టక కాసేపు అయింది కాబట్టి తెర నల్లబడి చేపలు ఈదడం మొదలైంది. తాత కళ్లు చిన్నవి చేసి చూశాడు. "సేపలు మంచి శకునమే" అన్నాడు, కొంచెం మెత్తబడి. చిన్నాయనకు ప్రాణం లేచొచ్చింది. "సూడు మామా, బొచ్చె సేపలు!" అని ఉత్సాహంగా బల్ల మీద చరిచాడు. ఆ దెబ్బకు మౌసు కదిలింది. చేపలు పోవాలి, కళ్లు రావాలి, గడియారం రావాలి. అన్నీ ఒకేసారి తలుపులో ఇరుక్కున్నట్టు అయి, తెర మధ్యలో ఒక డబ్బా, అందులో వత్తి అంటుకున్న బాంబు బొమ్మ ప్రత్యక్షమయ్యాయి. మిషిన్ మొరాయిస్తే కనిపించే బొమ్మ అది.

"గదేంది?" అని తాత సగం లేచాడు.

"పటాక మామా" అన్నాడు చిన్నాయన. "పెండ్లికి కాలుస్తరు గద, గదే."

అప్పుడు అక్క చాయ పళ్లెంతో వచ్చింది. తలుపు వెనక నుంచి అంతా విన్నదని ఆమె మొహం చూస్తేనే తెలిసింది. కళ్లలో నీళ్లు ఉన్నాయి గాని, వాటిని కిందికి రానిచ్చే ఉద్దేశం ఆమెకు ఉన్నట్టు లేదు. తాత ముందు కప్పు పెట్టి, కొంగు సర్దుకుని నెమ్మదిగా అడిగింది.

"తాతా, ఒక్కటి తుమ్మితేనే గద కీడు? జత తుమ్మితే?"

"జత తుమ్మితే మంచిదే బిడ్డా. శుభం."

అక్క నా వైపు తిరిగింది. "ఏం తమ్మీ, గింత మిషిన్ తెచ్చిండ్రు, జత తుమ్మదా?"

అంతమంది ప్రోగ్రాములు రాసినవాళ్లలో ఎవరికీ రాని అవసరం అది. నేను ఆలోచించాను. ఒక్క ఫ్లాపీ తీస్తే ఒక్క తుమ్మే. అది మళ్లీ లోపల పెట్టి తీసేసరికి మధ్యలో చాలా సేపు పడుతుంది, తాత దాన్ని జత కింద ఒప్పుకోడు. కాని మిషిన్‌ను మొత్తం బంద్ చేస్తే, అది రెండు డ్రైవుల్లోని ఫ్లాపీలనూ తనే వెంటవెంటనే బయటికి నెడుతుంది.

మిషిన్‌ను మళ్లీ లేపాను. తెర అడుగున బొమ్మలు ఒక్కొక్కటే వచ్చి నిలబడుతుంటే, జన్మలో మొదటిసారి వాటిని చూసి విసుగు పుట్టింది. పొట్టలో మిషిన్‌ను నడిపే ఫ్లాపీ ఎలాగూ ఉంది, కార్డు ఫ్లాపీని పక్క డ్రైవులో పెట్టాను. తాత చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. చిన్నాయన గోడ మీది పటానికి దండం పెట్టాడు. అక్క మాత్రం నన్నే చూస్తోంది. బంద్ చేసే ఆజ్ఞ ఇచ్చాను.

హాఛ్! మొదటి ఫ్లాపీ వచ్చింది. తర్వాత మిషిన్ ఏదో గొణుక్కుంది. హాఛ్! రెండోది వచ్చింది.

"జత!" అన్నాడు తాత కళ్లు తెరిచి.

"ముందుది కలిపితే మూడైతయి గద మామా" అన్నాడు చిన్నాయన. ఎందుకు అన్నాడో ఆయనకు కూడా తెలియదు. అక్క చేతుల్లో ఖాళీ పళ్లెం ఉంది గాని, లేకపోతే తండ్రి నోరు మూసేదే.

"నడుమల నీళ్లు తాగలేదా నేను? ముందటిది కొట్టుకపోయింది" అన్నాడు తాత, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు. "పంపుండ్రి ఇగ. బస్సు పోతది." తర్వాత నా భుజం తట్టి, గొంతు తగ్గించి అడిగాడు. "పిల్లగా, గా తుమ్మినాయిన మంచిగున్నడా ఇప్పుడు?"

బాగానే ఉండి ఉంటాడని చెప్పాను.

బస్సు దొరికింది. కార్డులు వచ్చాయి. పెళ్లి అదే ముహూర్తానికి అయింది. మర్నాడు చిన్నాయన నన్ను పిలిచి, మిషిన్‌లో ఉన్న పనికిరానివన్నీ తీసేయమన్నాడు. ఎంత ముచ్చటపడి పెట్టుకున్నవో అని నేను కళ్లనూ, చేపలనూ, గడియారాన్నీ బరువు గుండెతో తీసేశాను. తుమ్మును కూడా తీయబోతుంటే చిన్నాయన చెయ్యి పట్టుకున్నాడు. "దాన్ని ముట్టకు. మామ మల్ల అస్తనన్నడు."

నిజంగానే వచ్చాడు. ఎడ్లు కొనే ముందు వచ్చాడు, బోరు వేయించే ముందు వచ్చాడు, మనవరాలిని బడిలో వేసే ముందు ఆ పిల్లను వెంటబెట్టుకుని మరీ వచ్చాడు. "ఒక జత ఏయించు పిల్లగా" అని జంపఖానా మీద కళ్లు మూసుకుని కూర్చునేవాడు. నేను ఉన్న పని ఆపి, మిషిన్ బంద్ చేసి, మళ్లీ లేపుకునేవాణ్ని. అప్పట్లో లోలోపల ఎంత నవ్వుకునేవాణ్నో! ఇప్పుడు నా ముందున్న కంప్యూటరులో ఫ్లాపీ లేదు, తుమ్ము లేదు, ఏ పనైనా చప్పుడు లేకుండా అయిపోతుంది. అయినా ఏదైనా ముఖ్యమైన ఫైలు పంపే ముందు చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది, చెవి దేనికోసమో ఎదురుచూస్తుంది. ఆనాటి కుర్రవాడు ఇది చూస్తే నన్ను చూసి కూడా అలాగే నవ్వుకుంటాడు, నవ్వుకోనీ.

ఆ మిషిన్ పనిచేసినన్నాళ్లు తాతకు వేయించిన జతలు, నాకు గుర్తున్నంతవరకు, పంతొమ్మిది.