పట్టుచీరల మధ్య బూట్లు

మా పక్కింటి ఆంటీ పోయారు. కెనడాలో మా సస్కటూన్ ఊళ్ళో చలి అందరినీ ఇళ్ళల్లో కట్టిపడేసిన వారంలో, నిద్రలోనే వెళ్ళిపోయారని వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. ఆవిడ కోసం తీసిపెట్టిన గోంగూర పచ్చడి డబ్బా ఇంకా ఎదురుగానే ఉంది.

ఆంటీ ఇక్కడి యూనివర్సిటీలో గోధుమ తెగుళ్ళ మీద పనిచేసి రిటైరయ్యారు. కానీ మా తెలుగువాళ్ళకి ఆవిడంటే ముందు బూట్లే గుర్తొస్తాయి. నల్లటి తోలు, సన్నటి మొన, పిక్క సగం దాకా లేసులు. ఆడవాళ్ళ బూట్లే, కానీ కుట్టి నూరేళ్ళు దాటినవి. మన ఇళ్ళల్లో చెప్పులు గడప దాటి రావు కదా, ఈవిడ వాటిని ఏకంగా పట్టుచీరల బీరువాలో దాచేవారు. పేరంటానికొచ్చినవాళ్ళు చూసి ముక్కున వేలేసుకునేవారు. "చెప్పులైతే బయటే పెడదును. అవి నా మొదటి చలికాలం" అని ఆంటీ నవ్వి ఊరుకునేవారు.

చదువు కోసం ఒంటరిగా ఈ ఊళ్ళో దిగినప్పుడు ఆవిడ కాళ్ళకున్నవి హైదరాబాదులో కొన్న చెప్పులే. గది అద్దెకిచ్చిన ముసలావిడ ఆ కాళ్ళు చూసి, అటక మీంచి వాళ్ళమ్మ పెళ్ళినాటి బూట్లు దించి ఇచ్చిందట. ఆ చలికాలమంతా ఆంటీ వాటితోనే ల్యాబుకి నడిచారు.

నేనొచ్చిన కొత్తలో ఉద్యోగం దొరక్క ఆంటీ వంటింట్లో కూర్చుని భోరుమన్నాను. ఆవిడ ఓదార్చలేదు. బూట్లు తెచ్చి నా ఒళ్ళో పెట్టి "లేసులు కట్టు" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. అయినా కట్టాను.

"నాకూ రోజూ పొద్దున్నే ఏడుపొచ్చేదమ్మా. ఈ హుక్కులన్నిటికీ లేసు చుట్టేసరికి సగం తగ్గేది. మిగతా సగం దారిలో గడ్డకట్టేది" అన్నారు. ముక్కు చీదుకుంటూనే నవ్వేశాను. అలాంటి మనిషి పక్కింట్లో ఉండటం నా అదృష్టం.

కర్మ రోజున పాదరక్షలు దానమిస్తారు, పోయినవాళ్ళకి దారిలో కాళ్ళు నొవ్వకుండా. అందుకని నేను కొత్త చెప్పులు కొని తెచ్చాను. వాళ్ళమ్మాయి ఇక్కడే పుట్టిన పిల్ల, అంతా శ్రద్ధగా విని, లోపలికెళ్ళి బూట్లు పట్టుకొచ్చింది.

పంతులుగారు ఇబ్బందిపడ్డారు. "వాడినవి దానానికి పనికిరావమ్మా. కొత్తవే ఇవ్వాలి."

"కొత్తవైతే షీ విల్ గెట్ బ్లిస్టర్స్, పంతులుగారూ" అంది. "అంత దూరం నడవాలి కదా. అమ్మకి ఇవే అలవాటు."

పంతులుగారు కండువాతో కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "దానం ఆ కొత్తవే ఇవ్వు తల్లీ. ఇవి మాత్రం గుమ్మం బయట పెట్టు. మొనలు వీధివైపు ఉండాలి."

ఆ పిల్ల కోటైనా వేసుకోకుండా బయటికెళ్ళి, బూట్లు పెట్టి, మంచులోనే మోకాళ్ళ మీద కూర్చుంది. ఎంతకీ లేవకపోతే నేను వెనకాలే వెళ్ళాను. బిగించి ఉన్న లేసుల్ని ఒక్కో హుక్కు నుంచీ విప్పుతోంది.

"చలిలో ఏంటమ్మా ఇది?" అన్నాను.

"అమ్మ వేళ్ళు ఈ మధ్య వంగట్లేదు కదా ఆంటీ" అంది తలెత్తకుండా.

అడుగు దాకా వదులు చేసి, రెండు బూట్ల నోళ్ళూ వెడల్పుగా తెరిచి పెట్టింది.