చర్చి ముందు, చేపలు తర్వాత

పటాన్‌చెరులో మా ఫ్యాక్టరీకి కొత్త ప్యాకింగ్ మెషిన్ వస్తుందంటే, దాని పని నేర్చుకోవడానికి మా ఫిట్టర్‌ని జర్మనీలోని హాంబర్గ్‌కు పంపారు. జిన్నారం మనిషి, నాకంటే నాలుగేళ్లు చిన్న. ఊరు చూడటానికి అతనికి దొరికేది ఒక్క ఆదివారం.

"అన్నా, నువ్వు అన్నీ చదువుతవ్ గదా. ఆడ ఏమేం సూడాలెనో జెర రాసియ్యి," అన్నాడు క్యాంటీన్లో.

పక్కనున్న వెల్డర్ ఊరుకుంటాడా! "బొంబాయి సూడనోడు జర్మనీ సూపిస్తడట! పుస్తకాలు నమ్ముకుంటే ఆగమైతవ్ తమ్మి."

నేను పదో తరగతితో ఆగిపోయినవాణ్ణి. మిగతా చదువంతా సంగారెడ్డి లైబ్రరీలో, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివిందే. అది ఎందుకైనా పనికొస్తుందని క్యాంటీన్లో ఒక్కరూ ఒప్పుకోలేదు. ఈ ఒక్క కాగితంతో ఒప్పించాలనుకున్నాను.

లైబ్రరీలో దొరికిన ఒక పాత పుస్తకం ముందేసుకుని, రెండు ఆదివారాలు కూర్చుని రాశాను. ఓడరేవు అంటే సముద్రం ఒడ్డునే ఉంటుందనుకునేవాణ్ణి. హాంబర్గ్ నది మీద ఉంది, సముద్రం ఇంకా చాలా దూరం. నీళ్లలో దిగేసిన దుంగల మీద నిలబడ్డ ఎర్ర ఇటుక గోదాములు, ఒకప్పుడు కాఫీ, తివాచీలు దాచినవి. ఓడలన్నీ కనబడే చర్చి గోపురం. ఆదివారం చేపల బజారు. నది కింద నూరేళ్లు దాటిన సొరంగం.

ఆ పాత పుస్తకంలో చోట్లు ఉన్నాయి కానీ టైములు లేవు. వరస నేనే వేశాను. చేపల బజారు తిరిగిన ఒంటితో గుడికి పోతామా? చర్చి అయినా అంతే కదా. "పొద్దున్నే తలస్నానం చేసి, ఏమీ తినకుండా ముందు చర్చి. చేపలు తర్వాత," అని రాసి కింద గీత కూడా గీశాను.

అతను తిరిగొచ్చిన రోజు క్యాంటీన్లో అందరూ చుట్టూ చేరారు.

"అన్న రాసిచ్చినట్టే పోయిన. ఏడున్నరకే చర్చి ముందల నిలవడ్డ. గోపురం ఎక్కనిచ్చేది పదింటికట! ఒక దిక్కు చలి, ఒక దిక్కు ఆకలి. జనమేమో బ్రెడ్డుల చేపముక్కలు వెట్టుకొని నా ముంగటనే తినుకుంట పోతున్నరు. గోపురమెక్కి, ఓడలు సూసి, దిగి బజారుకు పోయిన. ఏమున్నది ఆడ? పైపులు వెట్టి నేల కడుగుతున్నరు. గా బజారు తొమ్మిదిన్నరకే బంద్ అట!"

వెల్డర్ బల్ల గుద్ది నవ్వాడు. "ఉపాసమున్నవ్ గదా, పుణ్యమన్నా దక్కింది తియ్యి!"

అతనికున్నదే ఒక్క ఆదివారం, అది కాస్తా నేనే పాడుచేశాను.

"జెర ఆగుండ్రి, అయిపోలే," అన్నాడు ఫిట్టర్. "గా సొరంగానికి లిఫ్టులున్నయి. ఎప్పటివో! ఎన్కట కార్లను గూడ గా లిఫ్టులల్లనే దించెటోళ్లట. నాలుగుసార్లు ఎక్కిన, నాలుగుసార్లు దిగిన. ట్రైనింగుల నాతోని ఉన్నోళ్లు రమ్మంటే గూడ పోలే."

టిఫిన్ డబ్బాను లిఫ్టుగా, దాని మూత మీద ఉప్పు సీసాను కారుగా పెట్టి, భోజనం టైమంతా అదే చెప్పాడు. వెల్డర్ కూడా తినడం మానేసి విన్నాడు. చేతులు కడుక్కునేటప్పుడు ఫిట్టర్ నా పక్కకొచ్చాడు.

"గసొంటి లిఫ్టుల పుస్తకం ఏమన్న ఉంటదా అన్నా, మీ లైబ్రరీల?"

ఆ ఆదివారం నా బండి మీదే తీసుకుపోయాను. లిఫ్టుల గురించి ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం దొరికింది, పేజీపేజీకీ బొమ్మలు. ఇంగ్లీషు అంతంత మాత్రమే కానీ డ్రాయింగులు అతనికి కొట్టినపిండి. వేలు పెట్టి ఒక్కో తాడు వెంటా పోతున్నాడు. మధ్యాహ్నం దాటింది. "పోదామా?" అంటే తలెత్తకుండానే చెయ్యి చూపించి ఆగమన్నాడు.

బయటికొస్తే వెల్డర్ ఫోన్. "ఏడ ఉన్నరే మీరిద్దరు? మా ఇంట్ల మీకోసం చేసిన బిర్యానీ సల్లగైతున్నది."

"లోపల చదువుతున్నడు. నేను పిలిస్తే లేస్తలేడు," అన్నాను. "నువ్వే వచ్చి లేపుకపో."