నరసరావుపేట ఎండలో ఎర్ర వైను

ఆ రోజుల్లో నాకు తెలిసింది తక్కువ, తెలిసినట్టు పెట్టే మొహం మాత్రం పెద్దది. హైదరాబాద్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ చదువు ముగించి అప్పుడే నరసరావుపేటలో మా ఇంటికొచ్చి పడ్డాను. టీ గ్లాసుని కూడా రెండు వేళ్లతో సుతారంగా పట్టుకుని, తాగేముందు ఓసారి వాసన చూసేవాణ్ణి. (పాలు విరిగాయేమోనని మా అమ్మ కంగారుపడి టీ మళ్లీ పెట్టేది.) ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది గానీ, అప్పట్లో అదంతా గొప్ప విద్య అనుకునేవాణ్ణి.

ఇంతలో హైదరాబాద్‌లోనే ఓ పెద్ద హోటల్ నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. అతిథులకి వైన్ల గురించి చెప్పి, వాళ్లకి నప్పేది వడ్డించే ఉద్యోగం. మా నాన్న మిరపకాయల వ్యాపారి. ఆయన అప్పటికే దాచేపల్లి దగ్గర ఓ సిమెంటు ఫ్యాక్టరీ స్టోర్స్‌లో నాకో ఉద్యోగం మాట్లాడి పెట్టాడు. 'వైన్' అన్న మాట వినగానే ఆయన కళ్ల ముందు మెదిలింది ఇనుప జాలీలోంచి చేతులు దూర్చి కొనుక్కునే మందుకొట్టు. దాని మీద 'వైన్స్' అని పెద్ద బోర్డు ఉంటుంది, లోపల వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి. "కొట్లో సీసాలు అందియ్యటానికా నిన్ను అంత దూరం పంపి చదివిచ్చింది? రేపు నీకు పిల్లనెవడిత్తాడు?" అన్నాడు. అది కొట్టు పని కాదు, రుచి చూసి మార్కులెయ్యటం ఒక శాస్త్రం అని చెప్పబోయాను. "అయితే ఆ శాస్త్రమేందో నా కళ్ల ముందు చెయ్. చూసినాక చెప్తా, నువ్వు హైదరాబాద్ పోతావో దాచేపల్లి పోతావో" అన్నాడు.

ప్రాక్టీసు చేసుకోమని మా సీనియర్ ఇచ్చిన సీసాలు, ఎర్రవి రెండు, తెల్లవి రెండు, నా పెట్టెలో లుంగీల మధ్య భద్రంగా ఉన్నాయి. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ముందుగదిలో పరీక్ష పెట్టుకున్నాం. జడ్జీలు నాన్న, పక్కింటి బాబాయి. ఈ బాబాయి ఒకసారి వార్డు మెంబరుగా నిలబడి ఓడిపోయిన మనిషి. అప్పట్నించీ ఎవర్నీ నొప్పించకుండా మాట్లాడతాడు. అమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వంటింటి గుమ్మంలో కూర్చుంది.

తెల్లవి చల్లగా ఉండాలి కాబట్టి, పెరుగు గిన్నెకి తగలకుండా పెడతానని అమ్మకి మాటిచ్చి ఫ్రిజ్‌లో పెట్టాను. ఎర్రది గది వేడిలో ఉంచాలని పుస్తకంలో ఉంది. ఆ రాసినాయన గది ఏ దేశంలో ఉందో గానీ, మే నెలలో మా గది వేడికి ఎర్ర వైను అచ్చం మిరియాల కషాయంలా తయారైంది. స్టీలు గ్లాసులో రంగు కనపడదని టీ గ్లాసుల్లో పోశాను. ముందు తెల్లదాన్ని వెలుతురుకి ఎత్తి, వంచి, తిప్పి, కళ్లు మూసుకుని వాసన చూసి, "ఇందులో పచ్చి జామకాయ, తడి చెక్క, కొంచెం తోలు వాసన ఉన్నాయి" అన్నాను.

"తోలేందిరా, ఎవురిది?" అన్నాడు బాబాయి.

"ఇందాకే గోంగూర పచ్చడి ముద్దలు ముద్దలు తిన్నారు. ఇప్పుడు మీ నాలుకలకి ఏం తెలుస్తది?" అంది అమ్మ గుమ్మంలోంచి.

నాన్న నాలుక చివర ఒక్క చుక్క వేసుకుని మొహం చిట్లించి, "వగరు. పదికి మూడు" అన్నాడు. బాబాయి గ్లాసు మొత్తం ఖాళీ చేసి తొమ్మిదిచ్చాడు. ఎర్రదానికెంత బాబాయ్ అంటే, అది కూడా ఖాళీ చేసి, "దానికీ తొమ్మిదే. రెండూ మనయ్యే గదా" అన్నాడు.

తరవాత నా వంతు. ఒక గుక్క తీసుకుని, బుగ్గల్లో అటూ ఇటూ తిప్పి, పక్కనున్న బకెట్లో ఊసేశాను.

"ఏందిరా, పడలేదా?" అన్నాడు నాన్న.

"పద్ధతే అంత నాన్నా. రుచి చూసేవాడు మింగకూడదు."

"హోటల్లో గూడా ఊసేత్తావా?"

"అక్కడా అంతే."

నాన్న కుర్చీ ముందుకి లాక్కున్నాడు. మిగిలినవి కూడా వరసగా రుచి చూడమని, కాటా మీద బస్తా తూకం చూసినట్టు నా గొంతు కేసే చూస్తూ కూర్చున్నాడు. గుటక పడుతుందేమోనని ఆయన భయం. గుటక పడితే నా బతుకు సిమెంటు బస్తాల మధ్యేనని నా భయం. బాబాయి బాధ వేరు. బకెట్ వైపు దిగులుగా చూసి చూసి, నేను ఆఖరి ఎర్రది నోట్లో పోసుకోగానే నా గ్లాసు మీద చెయ్యేసి, "అబ్బాయ్, మిగిలింది ఇటియ్యి. నాకా పద్ధతులేం తెలవ్వు" అన్నాడు.

నాకు నవ్వాగలేదు. నోట్లో ఉన్న వెచ్చటి వైను ముక్కులోంచి ఎగదన్ని నాన్న మల్లెపువ్వులాంటి తెల్లచొక్కా మీద పడింది. దాచేపల్లి ఖాయం అనుకున్నాను. నాన్న చొక్కా చూసుకోలేదు. నా వైపూ చూడలేదు. అమ్మ వైపు తిరిగి, "మింగాడా?" అన్నాడు.

"ముక్కులోంచి గూడా పోయినాక ఇంకేం మింగుతాడు?" అంది అమ్మ.

నాన్న తీరిగ్గా లేచి, చొక్కా విప్పి అమ్మకిచ్చి, "నోట్లోకి పోయినా ఒంటికి పట్టనియ్యనోడు చెడిపోడు. పోనీ హైదరాబాద్" అన్నాడు. బాబాయి ఆ తీర్పుకి కూడా తొమ్మిదిచ్చాడు.

ఉద్యోగం వచ్చింది. నాన్న నన్ను బస్సెక్కించటానికి వచ్చిన రోజు, బస్టాండులో ఎదురైన శావల్యాపురం చుట్టం ఒకాయన అబ్బాయి ఏం ఉద్యోగమని అడిగాడు. నాన్న క్షణం కూడా తడుముకోకుండా, "పండ్లరసాల డిపార్టుమెంటు" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. బస్సు సత్తెనపల్లి దాటేదాకా మొహం మాడ్చుకునే కూర్చున్నాను.

ఇప్పుడు నా చేతికింద పదిమంది కుర్రాళ్లు ఈ పని నేర్చుకుంటున్నారు. చెవుల పక్కన వెంట్రుకలు నెరిశాయి. మొన్న ఒక పెళ్లిలో పక్క కుర్చీ పెద్దాయన, ఏం చేస్తుంటావు బాబూ అని అడిగితే, చెప్పాల్సినదంతా గొంతుదాకా వచ్చింది. ఎండ మండిపోతోంది, ఆయన విసనకర్రతో నాక్కూడా విసురుతున్నాడు. "పండ్లరసాల డిపార్టుమెంటండీ" అన్నాను. "మంచిది నాయనా, ఒంటికి చలవ" అన్నాడాయన. అవునండీ అన్నాను.