బోరు నీళ్ళలో నెమలికంఠం రంగు

లక్ష్మయ్య భార్య కౌసల్య బోరు దగ్గర నింపిన బిందె తెచ్చి గడప దగ్గర పెట్టి, "నీళ్ళు జర పచ్చగున్నయి, పాచి పట్టినట్టుంది" అంది. నాలుగు రోజులుగా వాన ముసురు పట్టి ఉంది. బోరబండ గుట్ట మీద వానాకాలంలో నీళ్ళు మసకగా రావడం కొత్తేమీ కాదు. లక్ష్మయ్య పళ్ళు తోముకుంటూనే బిందెలోకి తొంగిచూశాడు. పాచి కాదది. గాజు గ్లాసు ముంచి కిటికీ వెలుతురుకు పట్టుకున్నాడు. నీలానికీ ఆకుపచ్చకూ మధ్య ఒక ఛాయ. నెల క్రితం ఆ రంగు కలిపింది ఆయనే.

లక్ష్మయ్యకు యాభై ఎనిమిదేళ్ళు. పద్దెనిమిదో ఏట గజ్వేల్ దగ్గరి పల్లె నుంచి వచ్చి, కృష్ణానగర్‌లో సినిమా బ్యానర్లు రాసేవాళ్ళ దగ్గర చేరాడు. ఫ్లెక్సీలు వచ్చి బ్యానర్లను మింగేశాక సెట్లకు రంగులు వేసే పనికి మళ్ళాడు. ప్లైవుడ్డును వందేళ్ళ టేకులా, థర్మాకోల్‌ను కొండరాయిలా చూపించడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. ఫిల్మ్‌నగర్‌లో కమలాకర్ నడిపే సెట్ల కంపెనీలో ఇరవై రెండేళ్ళుగా ఆయనే పెద్ద పెయింటర్. లక్ష్మయ్య కలిపిన రంగు మళ్ళీ లక్ష్మయ్యే కలపాలని ఆర్ట్ డైరెక్టర్లు అంటుంటే పైకి నవ్వి ఊరుకునేవాడు గానీ, లోపల గర్వంగానే ఉండేది.

నెల క్రితం ఒక రాజుల సినిమాకు కోనేరు సెట్ వేశారు. నీళ్ళు నెమలికంఠంలా మెరవాలన్నాడు దర్శకుడు. లక్ష్మయ్య మూడు రోజులు తంటాలు పడి, బట్టలకు వేసే అద్దకపు రంగులు రెండు కలిపి ఆ ఛాయ తెచ్చాడు. యూనిట్ అంతా మెచ్చుకుంది. షూటింగ్ ముగిశాక సెట్ విప్పేసి, నీళ్ళు ట్యాంకర్లలోకి తోడేశారు. ఆ తర్వాత అవి ఎటు పోయాయో ఆయన అడగలేదు. ఎప్పుడూ అడగలేదు.

ఆ నీళ్ళు ముట్టుకోవద్దని కౌసల్యకు చెప్పాడు. రంగు ఇవాళే కనబడిందనీ, వాసన మాత్రం వారం నుంచి ఉందనీ ఆమె అంది. పక్కింటి అనసూయమ్మకు చేతుల నిండా దద్దుర్లు లేచి పది రోజులైందట. సబ్బు మార్చమన్నాడట డాక్టరు.

గుట్ట వెనుక, బోరుకు ఎగువన, రాళ్ళు కొట్టి వదిలేసిన పాత క్వారీ గుంత ఉంది. లక్ష్మయ్య చెప్పులు జారుతుంటే చేత్తో పట్టుకొని ఎక్కాడు. దగ్గరికి వెళ్ళకముందే రంగుల్లో కలిపే థిన్నరు వాసన గుప్పుమంది. గుంతలో నీళ్ళు అచ్చం కోనేటి నీళ్ళలాగే మెరుస్తున్నాయి. విరిగిన థర్మాకోల్ స్తంభాలు తేలుతున్నాయి. ఒడ్డున తుప్పుపట్టిన రంగు డబ్బాలు గుట్టగా పడి ఉన్నాయి. ఒక మూత తిరగేశాడు. "గోపురం ఎరుపు, రెండో పూత" అని తెల్లరంగుతో రాసి ఉంది. ఆ అక్షరాలు తనవి. ఇంకోటి తిరగేశాడు. అదీ తన రాతే. ఏడెనిమిదేళ్ళ కిందటి సినిమాల రంగులు కూడా ఉన్నాయి. తడి బండ మీద కూర్చున్నాడు. అక్కడి నుంచి చూస్తే కింద తన ఇల్లూ, దాని పక్కన బోరూ స్పష్టంగా కనబడుతున్నాయి.

సీసాలో ఆ నీళ్ళు పట్టుకొని నేరుగా ఫిల్మ్‌నగర్‌లోని కంపెనీ షెడ్డుకు వెళ్ళాడు. కమలాకర్ చెడ్డవాడు కాదు. కాకినాడ నుంచి వడ్రంగిగా వచ్చి కంపెనీ పెట్టుకున్నవాడు. అయినా సంగతి వినగానే చేతులు దులుపుకున్నాడు. చెత్త ఎత్తే పని కాంట్రాక్టరుకు అప్పగించామనీ, అతను ఎక్కడ పోస్తే మనకేమిటనీ, అన్ని కంపెనీలూ చేసేది ఇదేననీ అన్నాడు.

"డబ్బాల మీద కాంట్రాక్టరు రాత లేదు సార్. నా రాత ఉంది" అన్నాడు లక్ష్మయ్య.

అంతలో షెడ్డుకు రోజూ నీళ్ళు తెచ్చే తిరుమలేశ్ ట్యాంకరు ఆపి లోపలికి వచ్చాడు. ఇవాళ నీళ్ళు కొంచెం రంగుగా ఉన్నాయనీ, తాగేముందు చూసుకోమనీ చెప్పాడు. ఎక్కడ నింపుతున్నావని అడిగాడు లక్ష్మయ్య.

"మీ గల్లీ కింద బోరు కాడనే అన్నా, బోరబండల. రెండేండ్ల సంది ఆడనే నింపుతున్న."

కమలాకర్ చేతిలో టీ గ్లాసు ఉంది. దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టేశాడు. ఆ వారం ఆరుగురు వడ్రంగులు కడుపునొప్పని పనికి రాలేదు. దొంగవేషాలని తిట్టి, వేరేవాళ్ళను పిలిపించింది ఆయనే. లక్ష్మయ్య తెచ్చిన సీసాను చేతిలోకి తీసుకున్నాడు.

"రెండేళ్ళుగా మనం పారబోసిందే మనం తాగుతున్నామా, లక్ష్మయ్య గారూ?"

ఆ మధ్యాహ్నమే కమలాకర్ గుంత దగ్గరికి వచ్చాడు. డబ్బాల మూతలు తిరగేసి వాటి మీది రాతలు చదివాడు. కాంట్రాక్టరును తీసేయడం తేలిక, అది ఆ రోజే అయిపోయింది. కష్టమంతా ఆ తర్వాతే. జరిగింది జరిగినట్టు కాలుష్యం చూసే ఆఫీసులో తానే రాసిచ్చాడు. డబ్బాలూ విషపు నీళ్ళూ తీసి, అలాంటి వ్యర్థాలను శుద్ధి చేసేచోటికి పంపడానికి ఇరవై రోజులు పట్టింది. మనుషులంతా అక్కడే ఉండడంతో ఒక సెట్ ఆలస్యమై, ఆ నిర్మాత వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు. బోరుకు తాళం పడింది. పరీక్షలో నీళ్ళు బాగున్నాయని తేలేదాకా గల్లీకి కంపెనీయే మంచినీళ్ళు పంపాలి. అది ఎన్నాళ్ళో ఎవరూ చెప్పలేకపోయారు. ఇకమీదట నీళ్ళలో రంగు కలపొద్దని, తొట్టి అడుగున రంగు పరదా పరిచి పైన మామూలు నీళ్ళు నింపుదామని లక్ష్మయ్య చెప్పాడు. చేసి చూపిస్తే కెమెరామన్ తేడా పట్టలేకపోయాడు. ఇంత చిన్న ఉపాయం ఇన్నేళ్ళూ తనకెందుకు తోచలేదని లక్ష్మయ్యే నివ్వెరపోయాడు.

ఆ రంగు ఎవరు కలిపారో గల్లీలో మాత్రం ఎవరికీ తెలియదు. కంపెనీవాళ్ళ తప్పనుకుంటున్నారు. ఒక ఆదివారం లక్ష్మయ్య అనసూయమ్మ ఇంటికి వెళ్ళి, ఆ రంగు కలిపింది తానేనని చెప్పేశాడు. చేతులకు మందు రాసుకుంటున్న ఆమె అలాగే ఆగిపోయింది.

"కలిపినోనివి నువ్వు, పారబోసినోడు ఇంకోడు. అది సరే తమ్మీ. ఇన్నేండ్ల సంది ఆ బండి యాడికి పోతుందని ఒక్కనాడన్న అడగకపోతివా?"

"అడగలే అక్కా" అన్నాడు.

ఆమె మళ్ళీ మందు రాసుకోసాగింది. తిట్టలేదు, పొమ్మనలేదు. మర్నాడు పొద్దున నలుగురు ఆడవాళ్ళను వెంటబెట్టుకొని ఫిల్మ్‌నగర్ షెడ్డుకు వెళ్ళింది. చెత్త లారీ ఎటు పోతుందో నెలకోసారి తాము వెంట వెళ్ళి చూస్తామంది. కమలాకర్ కాదనలేకపోయాడు. ఆ రోజు లారీ సిద్ధంగానే ఉంది. అనసూయమ్మ ముందు సీటు ఎక్కింది, మిగతావాళ్ళు వెనకే ఆటోలో కూర్చున్నారు. లక్ష్మయ్య కూడా ఆ ఆటోలోనే డ్రైవరు పక్కన సర్దుకున్నాడు. ఇరవై రెండేళ్ళలో షెడ్డు నుంచి బయల్దేరిన చెత్త లారీ ఏ మలుపు తిరుగుతుందో ఆయన చూడటం అదే మొదటిసారి.